వెనక వాకిలి బీగం

కిందటి నెల మా స్కూలు హెడ్మిస్ట్రెస్ గారి అమ్మాయి పెళ్లికి తిరుపతి వెళ్లాను. పెళ్లివాళ్లు మాకు కొత్తగా కట్టిన ఒక హోటల్లో గదులు ఇచ్చారు. గది తలుపు లోపలివైపు అద్దం బిగించిన కాగితం మీద ఆ అంతస్తు పటం గీసి ఉంది. మేమున్న గది దగ్గర ఎర్ర చుక్క, నిప్పు పుడితే ఎటు పరుగెత్తాలో పచ్చ బాణాలు. తోటి టీచర్లు చీరలు తీసి మంచం మీద పరుచుకుంటుంటే నేను ఆ బాణాల వెంట వెళ్లాను. వెనక మెట్లు మూడంతస్తులు దిగాను. అడుగున తలుపు ముందర నీళ్ల సీసాల అట్టపెట్టెలు నా ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటికి ఆనించి విరిగిన కుర్చీలు, చుట్టిన పందిరి గుడ్డలు. అక్కడున్న వాచ్‌మన్ని అడిగితే, "ఈ పక్క ఎవురూ రారు మేడమ్" అన్నాడు, దారి తప్పినదాన్ని చూసినట్టు చూస్తూ. పైకొచ్చి చీర కూడా మార్చుకోకుండా మంచం అంచున కూర్చుండిపోయాను. పైత్యం చేసిందేమోనని ఎవరో కాఫీ తెప్పించారు. పైత్యమేనన్నాను. మా నాయన పోయి రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెప్పడానికి అడ్డం ఎవరూ లేరు.

మా నాయన మునిరత్నం ఆ ఊళ్లోనే ఒక లాడ్జిలో కరెంటు పనీ, కుళాయిల పనీ చూసేవాడు. మేం కొర్లగుంటలో ఒంటిగది ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అమ్మ ఇంటి దగ్గరే పూలు కట్టి తిరుచానూరు గుడి ముందు అమ్మేవాళ్లకు ఇచ్చేది. తెల్లారేసరికి గదంతా తడి కనకాంబరాలూ మల్లెలూ, వాటి మీద కిరోసిన్ స్టవ్వు వాసన. ఈ రెండింటి మధ్య మూడో వాసన ఒకటుండేది, నాయన సంచి వాసన. పాత ఖాకీ ప్యాంటు గుడ్డతో అమ్మ కుట్టిన సంచి అది. చొక్కా కింద నడుముకు కట్టుకునేవాడు. నూనె, ఇనుము, చెమట, రబ్బరు కలిసిన ఆ వాసనను నేను చీకట్లో కూడా గుర్తుపట్టగలిగేదాన్ని. లాడ్జిలో ఆయన్ను సంచి మునిరత్నం అనేవాళ్లట. ఆ పేరు ఆయనకు ఇష్టమే.

ఆదివారం పొద్దున తలంటుకున్నాక పాత పేపరు పరిచి సంచిలోవన్నీ దాని మీద పోసేవాడు. టెస్టరు, కటింగ్ ప్లేయరు ఆయన పనికి కావలసినవే. మిగిలినవి దేనికో చూసేవాళ్లకు అర్థమయ్యేది కాదు. పిడి విరిగిన కత్తికి కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచేవాడు. రెండు బ్యాటరీల టార్చిలోంచి సెల్లులు తీసి మిద్దె మీద ఎండకు పెట్టమని నన్ను పంపేవాడు. అగ్గిపెట్టెను మైనపు కాగితంలో చుట్టి దారం కట్టేవాడు. చిటికెన వేలంత లావు నైలాన్ తాడు పన్నెండు బారలు, ముడి పడకుండా ఎనిమిది అంకెలాగా చుట్టేవాడు. అన్నిటికన్నా కింద మూరెడు ఇనుప కమ్మి. ఒక కొసను కొలిమిలో కాల్చి చదును చేయించుకున్నాడు. అది సంచిలో పట్టక కొంచెం బయటికి పొడుచుకొని ఉండేది, కూర్చున్నప్పుడల్లా ఆయన డొక్కలో గుచ్చుకునేది. ఎందుకు నాయనా అది అని అడిగితే, "మూసిన వాకిలి తెరవడానికి పాపా" అనేవాడు. మా వైపు తలుపును వాకిలి అంటారు, తాళాన్ని బీగం అంటారు.

ఎందుకో ఒక్కసారే చెప్పాడు. ఆయన చిన్నతనంలో పాకాల దగ్గర ఒక పల్లెలో బోద గడ్డి కప్పిన టెంటులో సినిమాలాడేవి. టిక్కెట్టు లేకుండా దూరతారని, ఆట మొదలవగానే ఆడవాళ్ల పక్క గేటుకు బయటినుంచి గొలుసు చుట్టి బీగం వేసేవాళ్లు. ఒకనాటి ఆటలో గడ్డి అంటుకుంది. నాయన తడిక కింద దూరి బయటపడ్డాడు. ఆయన చెల్లెలు గేటు దగ్గర ఉండిపోయింది. "గొలుసు కదిలే సప్పుడు ఇనపడతా ఉన్నింది పాపా. నా సేతిలో ఏమీ లేదు. రాయితో కొడితిని, రాయి పగిలె" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఖాళీ చేతుల్తో ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టలేదు.

మా ఇంటి తలుపు పక్కన మేకుకు ఇంకో గోనెసంచి వేలాడేది. అందులో రేషన్ కార్డు, నా పుట్టిన తేదీ కాగితం ప్లాస్టిక్ కవరులో, బొరుగులు, బెల్లం, కొవ్వొత్తి, ప్రతి శుక్రవారం మార్చే నీళ్ల సీసా. నేను ఆ బెల్లం దొంగతనంగా కొరికి తిట్లు తినేదాన్ని. నెలకోసారి నా కళ్లకు తువ్వాలు కట్టి, గది మూలలో కూర్చోబెట్టి, గోడ పట్టుకొని పాక్కుంటూ తలుపు దగ్గరికి రమ్మనేవాడు. "పొగ పైకి పోతాది. మనం కిందికి పోవల్ల. గోడ ఇడిసిపెట్టొద్దు" అని వెనకనుంచి చెప్పేవాడు. పూలు కట్టుకుంటూ అమ్మ నవ్వేది. "నాలుగడుగుల ఇంట్లో వాకిలి యాడుందో ఎతకాల్నా అయ్యా? కాలు సాపితే ఈదిలో ఉంటాం." నాయన కూడా నవ్వేవాడు గాని, ఆట ఆపేవాడు కాదు. నిజం చెప్పాలంటే పది పన్నెండేళ్లు వచ్చాక నాకది సిగ్గుగా ఉండేది. వేరే పిల్లల నాయనలు ఆదివారం సినిమాకు తీసుకుపోయేవాళ్లు. మా నాయన నా కళ్లకు గంతలు కట్టేవాడు.

లాడ్జికి వెనక ఇనుప మెట్లుండేవి, అడుగున ఒక తలుపు. బిల్లు ఎగ్గొట్టి ఆ దారిన పోతారని ఓనరు దానికి గొలుసు చుట్టి బీగం వేయించాడు. బీగంచెవి ముందువైపు మేనేజరు బల్ల సొరుగులో. నాయన ఓనరును అడిగాడు, మేనేజరును బతిమాలాడు. "నీ పని లైట్లు సూసుకునేది. వాకిళ్లు మేం సూసుకుంటాం" అన్నారట. ఆ సంగతి చెబుతూ అన్నం పళ్లెంలో వేళ్లు ఊరికే ఆడించాడు, తినలేదు. అమ్మ విసుక్కుంది. "ఊరందరి వాకిళ్లూ నీకెందుకయ్యా? సంగటి సల్లారిపోతా ఉండాది."

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం నిప్పు పుట్టింది. ముందువైపు మెట్ల కింద పాత పరుపులు కుక్కిన గదిలో వైరు కాలింది. దర్శనం చేసుకొని కొండ దిగొచ్చినవాళ్లు తలుపులు వేసుకొని పడుకున్న వేళ. పరుపుల పొగ నల్లగా మెట్ల వెంట పైకి లేచింది. నాయన మిద్దె మీద నీళ్ల ట్యాంకు బాగు చేస్తున్నాడు. వెనక మెట్ల మీద పరుగెత్తుకొచ్చి చూస్తే గొలుసూ బీగమూ అట్లాగే ఉన్నాయి. బీగంచెవి పొగకు అవతల ఉంది. కమ్మి గొలుసులోకి దూర్చి మెలిపెట్టాడు. మొదటిసారి జారి అరచెయ్యి చీరుకుపోయింది. మూడోసారికి కొండీ ఊడివచ్చింది. అప్పుడు మళ్లీ పైకి వెళ్లి, తాడు కొసను మెట్ల రెయిలింగుకు కట్టి, వరండా పొడుగునా లాక్కుంటూ పోయి, ప్రతి గదీ బాది, దొరికినవాళ్లను దొరికినట్టు తాడు పట్టించి కిందికి పంపాడు. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకొని మూడుసార్లు వెళ్లాడు. మూడోసారి రెండో అంతస్తు చివరి గదిలో ఒక ముసలావిడ దొరికింది. మోకాళ్లు పనిచేయని మనిషి. భుజాన వేసుకొని దించాడు. దించేసరికి ఆవిడకు ఊపిరి లేదు.

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు కనుబొమ్మలు కాలిపోయి ఉన్నాయి. అమ్మ అరచేతికి పసుపు పెట్టి గుడ్డ కట్టింది. అప్పుడు ఆయన అమ్మతో ఒక్క మాట అన్నాడు. "అందురూ వచ్చినారు మే. ఒగామెను తేలేకపోయినా. ఆ బీగం కాడ పొద్దుపోయె."

మర్నాడు పొద్దున ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చారు. అమ్మ మెచ్చుకోవడానికి వచ్చారనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. చాప వేసి మజ్జిగ ఇచ్చింది. "ఆ సంచి ఏదమ్మా?" అని వాళ్లలో పెద్దాయన అడిగితే, అమ్మ మేకు మీదనుంచి సంచి తీసి, మసి అంటిందని కొంగుతో తుడిచి మరీ చేతికిచ్చింది. "దీంతోనే సార్, అందర్నీ కాపాడినాడు" అంది. ఆయన కమ్మి బయటికి లాగి, చదును చేసిన కొసను వేలితో తడిమి, నాయన వైపు చూసి, "పదరా" అన్నాడు. ఆ 'రా' విన్న తర్వాత అమ్మకు అర్థమయింది.

తర్వాత మాకు తెలిసిన సంగతి ఇది. ఒక మనిషి ప్రాణం పోయింది కనక వెనక తలుపుకు బీగం ఉందని తేలితే ఓనరు జైలుకు పోతాడు. అందువల్ల ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేదని ఓనరూ మేనేజరూ రాసిచ్చారు. కాదని చెప్పగల మనిషి మా నాయన ఒక్కడే. పొగలో తాడు పట్టుకొని దిగినవాళ్లు, దిగేసరికి తెరిచి ఉన్న తలుపునే చూశారు. వాళ్లు ఆ సాయంత్రమే ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఒక యాత్రికుడి గదిలో బంగారు గొలుసు పోయిందన్నారు. నిజంగా పోయిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. బీగాలు పెకలించే కమ్మి, తాడు, టార్చి, కత్తి చొక్కా కింద దాచుకొని తిరిగే మనిషి దొంగ కాక ఇంకెవరు? ఆయన ఇన్నేళ్లు ప్రాణాలు కాపాడటానికి ఒక్కొక్కటే పోగుచేసుకున్నవన్నీ బల్ల మీద వరుసగా పేరిస్తే, చూసేవాళ్లకు దొంగ సామానులాగానే కనిపించాయి.

రెండో రోజు మేనేజరు మా ఇంటికొచ్చాడు. కోపంగా రాలేదు, అరటిపండ్లు పట్టుకొచ్చాడు. గడప బయటే నిలబడి, "మునిరత్నం మంచోడని నాకు తెలీదా అమ్మా? ఒక్క మాట సెప్పి సంతకం పెడితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. వాకిలికి బీగం లేదు, అంతే. పోయినామె ఎట్టా తిరిగి రాదు గదా" అన్నాడు. అమ్మ పూలు కడుతున్న చెయ్యి ఆపలేదు. "ఆయనకే సెప్పండి" అంది. "సెప్పినాం. ఇనలా" అన్నాడు మేనేజరు.

మూడో రోజు అమ్మ క్యారియరులో అన్నం సర్ది నన్ను కూడా స్టేషనుకు తీసుకుపోయింది. నాయన బనీనుతో, మోకాళ్ల పైకి చెడ్డీతో గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. ఆయన తొడలు నేనెప్పుడూ చూడలేదు. ఎంత సన్నగా ఉన్నాయో. ఒక చెంప వాచి ఉంది. అరచేతి గుడ్డ మురికి పట్టి, కింద చీము. అమ్మను చూసి, "బీగం ఉన్నింది మే. నేనే గదా ఇరగ్గొట్టింది" అన్నాడు, ఆమె నమ్మదేమో అన్నట్టు. అమ్మ క్యారియరు మూత తీయడానికి ప్రయత్నిస్తోంది, రావడం లేదు.

అప్పుడు నేను మాట్లాడాను. స్కూల్లో అప్పటికే పాకిపోయింది. నా పక్క కూర్చునే పిల్ల నా పెన్సిలు డబ్బాకు దూరంగా తన డబ్బా జరుపుకుంది. ఇంటర్వెల్లో ఎవరో వెనకనుంచి "మీ నాయన సంచి యాడుండాదే?" అని అడిగితే అందరూ నవ్వారు. అదంతా కడుపులో పెట్టుకొని వచ్చాను. "సంతకం పెట్టేయి నాయనా. అందురూ నన్ను దొంగ కూతురంటా ఉండారు" అన్నాను.

నాయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఏదో లెక్క తప్పినట్టు, తప్పు ఎక్కడుందో ఇప్పుడే కనబడినట్టు చూశాడు. కాసేపటికి లేచి గోడ పట్టుకొని బల్ల దగ్గరికి వెళ్లాడు. కుడి అరచెయ్యి వాచి ఉంది కనక పెన్ను నిలవలేదు. మూడుసార్లు రాశాడు సంతకం.

ఆ సంచి మళ్లీ ఇంటికి రాలేదు. ఎవరం అడగలేదు. లాడ్జి పని పోయింది. కొన్నాళ్లకు మోటార్లకు వైరు చుట్టే కొట్లో కుదిరాడు. పనిముట్లు కొట్లోనే పెట్టి వచ్చేవాడు. నిమ్మకాయ కోయడానికి కూడా ఆయన దగ్గర కత్తి లేదు. తలుపు పక్క గోనెసంచిలోని బొరుగులు ఒకరోజు అమ్మ తిరగమాత వేసి నాకు పెట్టింది. నాయన ముందరే కూర్చొని తిన్నాను. ఆదివారాలు ఆయనకు ఏం చేయాలో తోచేది కాదు. తలంటుకొని, తల తుడుచుకొని, మిద్దె మీద ఎండలో ఊరికే కూర్చునేవాడు. నా కళ్లకు గంతలు కట్టమని ఒకసారి నేనే తువ్వాలు పట్టుకొని వెళ్లాను. "పెద్దదానివైనావు పాపా, ఇంకెందుకు" అన్నాడు.

ఇంతటితో ముగిసిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. పేదవాడి నోరు నొక్కేశారు, లోకంలో ఉన్నదే అనుకొని ఊరుకునేదాన్ని. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం గుండు చేయించుకున్న ఒక మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నెల్లూరు పక్కవాడు, స్కూలు మేష్టరు. ఆ ముసలావిడ కొడుకు. తల్లి ఏడాది కర్మ ముగించి కొండకు వచ్చాడట. నాయన కంగారుగా చాప దులిపి పరిచాడు. ఆ మేష్టరు కూర్చోలేదు. నాయన కాళ్లకు వంగబోతే నాయన వెనక్కి జరిగిపోయాడు.

"మా అమ్మను మీరే మోసుకొచ్చారని విన్నానండీ. దండం పెట్టుకొని పోదామని వచ్చాను. ఒక్క సంగతి అడగాలి, ఏమీ అనుకోవద్దు" అన్నాడు ఆ మనిషి. "ఆ రోజు నేను కొండ మీదే ఉన్నాను. గదిలో అమ్మా, నా భార్యా. పొగ రాగానే నా భార్య వెనక మెట్ల వైపు పోయిందట, దారి చూసొచ్చి అమ్మను తీసుకుపోదామని. తలుపుకు గొలుసుందట, తాళం ఉందట. లాగి లాగి, మళ్లీ పైకొస్తే పొగలో గది దొరకలేదట. ఎవరో చెయ్యి పట్టి తాడు అందించారట. పోలీసు కాగితాల్లో మాత్రం తలుపు తెరిచే ఉందని ఉంది. మీ సంతకం కూడా ఉంది. ఏడాదిగా ఆవిడ తాళం ఉందనే అంటోంది. మా అన్నలు, వదినలు నమ్మడంలేదు. ముసలిదాన్ని వదిలేసి తన ప్రాణం చూసుకుందని మొహానే అంటున్నారు. నిజం మీకు తెలుసు. చెప్పండి. ఉందా, తాళం?"

నేను లోపల పూలబుట్ట పక్కన ఉన్నాను. అమ్మ దారం పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. బయట నాయన ఒక్కసారి తల తిప్పి గదిలోకి చూశాడు. అమ్మను కాదు, నన్ను.

"తెరిచే ఉన్నింది సార్" అన్నాడు.

ఆ మనిషి తల ఊపాడు. ఏడవలేదు, అరవలేదు. "అంతేనండీ. అదే తెలుసుకుందామని" అని, పట్టుకొచ్చిన లడ్డూ ప్రసాదం చాప మీద పెట్టి, చెప్పులు వేసుకొని వీధి మలుపు తిరిగి వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగేలోపు నేను పరుగెత్తి చెప్పగలిగేదాన్ని. ముప్పై అడుగుల దూరం. నాకు అన్నీ తెలుసు. కూర్చున్నచోటే కూర్చున్నాను. అమ్మ బయటికొచ్చి, "నిజం సెప్పుంటే ఏమైపోయేదయ్యా?" అని అడిగింది. "సంతకం పెట్టినా గదా మే. కాదంటే మళ్లా వస్తారు. పాపకు పరీచ్చలు" అన్నాడు నాయన. ఆ ప్రసాదం మేం తినలేదు. పారేయలేక గిన్నెలో పెట్టి ఉంచితే చీమలు పట్టాయి.

ఇప్పుడు నాయన సంచిలో ఉండేలాంటివన్నీ సరదాలయ్యాయి. మా స్కూల్లో కుర్ర మేష్టరొకడు తాళంచెవుల గుత్తికి మడత కత్తి, ఈల, నిప్పు రాజేసే పుల్ల తగిలించుకొని తిరుగుతాడు. ఇంటర్నెట్లో తెప్పించాడట. వరదొస్తే, భూకంపమొస్తే ఏం చేయాలో పిల్లలకు చెబుతుంటే అందరూ మెచ్చుకుంటారు. చొక్కా మీద, ఫొటోలో పడేటట్టు వేలాడదీసుకుంటాడు. అతన్ని ఏ పోలీసూ 'పదరా' అనడు. అతని వేషం, భాష, ఉద్యోగం అందుకు ఒప్పుకోవు. మా నాయన దగ్గర ఉన్నవీ అవే వస్తువులు. ఆపద వస్తే ఏం పట్టుకొని పరుగెత్తాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆపద తర్వాత వచ్చే మనుషుల నుంచి కాచుకునే పనిముట్టు మాత్రం ఆయన సంచిలో లేదు.

నాకు ఉద్యోగం వచ్చి, నాయనను నా దగ్గరికి తెచ్చుకున్నాక ఒకసారి అడిగాను. నెల్లూరు పక్క వెతికి, ఆ మేష్టరు ఇల్లు పట్టుకొని, ఆయన భార్య మాటే నిజమని ఇంట్లోవాళ్లందరికీ చెప్పి వద్దామా అని. ఇప్పుడు మనల్ని ఎవరూ ఏమీ చేయలేరు అన్నాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది. గోడ పట్టుకొని నడిచేవాడు. "ఇప్పుడు పొయ్యి ఏం సెప్తాం పాపా? ఇన్నేండ్లు ఆయమ్మ అందురి మాటా పడింది. ఇప్పుడు నిజం సెప్తే ఆ పడిందంతా తిరిగిస్తామా? వద్దులే" అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. ఆయన వద్దన్నాడని ఊరుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆయన వద్దు అనగానే నా గుండె మీదనుంచి బరువు దిగినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నెల్లూరు పక్క ఏదో ఒక ఇంట్లో ఒకావిడ, బతికుంటే, ఇప్పటికీ తాళం ఉండిందనే అంటూ ఉంటుంది. లేదా అనడం మానేసి ఉంటుంది. ఆవిడ పేరైనా మేం అడగలేదు.